థైరాయిడు మాత్రల సీసా ఆత్మకథ

నా దేహము తెల్లని ప్లాస్టికు. నడుమునకు చుట్టిన కాగితముపై 'లెవోథైరాక్సిన్ సోడియం మాత్రలు, 50 మైక్రోగ్రాములు' అని ముద్రింపబడి యున్నది. వెలుతురు సోకినను, తేమ తగిలినను, వేడి హెచ్చినను నాలోని మందు సారము తగ్గును గనుక, నన్ను చేసినవారు లోపలిది బయటికి కనబడకుండునట్లును, మూత గట్టిగ బిగియునట్లును చేసిరి. గ్రామును పదిలక్షల పాళ్ళు చేసిన అందొక పాలు మైక్రోగ్రాము. అట్టివి 50 మాత్రమే ఒక్కొక్క మాత్రయందు గల అసలు మందు. ఇంతటి స్వల్పవస్తువు కొరవడుటచే ఒక యిల్లాలి దేహమును మనస్సును ఏవిధముగ క్రుంగిపోవునో, అది సమకూరిన పిమ్మట ఎంత నిదానముగ కుదుటబడునో, కాకినాడలోని యొక యింట కన్నులార గాంచినదానను గనుక, ఆ వృత్తాంతము చెప్పుటకు నాకధికారము కలదని నమ్ముచున్నాను.

మొదట నా వంశమును గూర్చి కొంత విన్నవింపవలెను. 1891వ సంవత్సరమున ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున జార్జి మర్రే అను వైద్యుడు, థైరాయిడు గ్రంథి క్షీణించిన యొక స్త్రీకి, గొర్రె థైరాయిడు నుండి తీసిన సారమును సూదిమందుగ నెక్కించెను. ఆమె కోలుకొని 1919 వరకు జీవించెను. 1914 డిసెంబరు 25వ తేదీన, అమెరికాలోని మేయో క్లినిక్కునందు ఎడ్వర్డ్ కెండాల్ ఆ గ్రంథిలోని సారభూతమైన పదార్థమును స్ఫటికరూపమున వేరుచేసెను. మరి పండ్రెండు పదమూడేండ్లకు చార్లెస్ హారింగ్టన్ దాని నిర్మాణమును కనుగొని, జార్జి బార్జర్‌తో కూడి ప్రయోగశాలలోనే దానిని తయారుచేసెను. కాబట్టి నాలోని థైరాక్సిన్ దేహమునకు పరాయిది గాదు. ఆరోగ్యవంతుల కంఠమున శ్వాసనాళము నానుకొనియున్న చిన్న గ్రంథి అనుదినము ఏ పదార్థమును చేసి రక్తములోనికి విడుచుచున్నదో, నాలుగు అయోడిన్ పరమాణువులతో గూడిన ఆ పదార్థమే ఇది. జీవితాంతము మందు మ్రింగవలసి వచ్చెనే యని దుఃఖించువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెనని నా కోరిక.

నేను చేరిన యింటి యిల్లాలు ఒక బడిలో ఉపాధ్యాయిని. ఆమెకు ఐదేండ్ల కుమారుడు కలడు. ఆ కాన్పు మందు మాకుల ప్రసక్తి లేకయే, వివాహమైన మరుసటి యేడే సుఖముగ జరిగిపోయినది. అటుపిమ్మట వచ్చిన మార్పును ఇంట నెవరును గుర్తింపలేదు. దువ్వెన నిండ జుట్టు ఊడి వచ్చుచుండెను. కాకినాడ ఉక్కపోతలో సయితము ఫాను క్రింద కూర్చుండినచో ఆమెకు చలి వేయుచుండెను. తిండి పెరుగకయే ఒళ్ళు వచ్చుచుండెను. బహిష్టు ఒక నెల ఆలస్యముగను, వేరొక నెల అధికముగను వచ్చుచుండెను. బాలింత నీరసమని కొన్నాళ్ళు, ఉద్యోగపు అలసట యని కొన్నాళ్ళు సరిపెట్టుకొనిరి. దేహమును రక్షింపవలసిన శక్తులే తిరుగబడి ఆ దేహములోని థైరాయిడుపై దాడి సలుపుట యొక వ్యాధి. జపాను వైద్యుడు హకరు హషిమోటో 1912లో వర్ణించినది ఇట్టిదే. ప్రసవానంతరము కొందరు స్త్రీలకు ఈ దాడి మొదలగును. కొందరికి కొన్ని నెలలలో సర్దుకొనును, మరికొందరికి గ్రంథి శాశ్వతముగ నీరసించును. ఈమె రెండవ తెగకు చెందినది.

రెండవ బిడ్డను కోరుకొని ఏండ్లు గడచినను నెల తప్పని స్త్రీ దుఃఖమునకు లోకమున చోటు లేదు. సంతానమే లేనివారిపై లోకులకు జాలి యైన నుండును. ఒక బిడ్డ కల తల్లి కన్నీరు పెట్టినచో, "ఒకడున్నాడు గదమ్మా, ఇంకేం కావాలి?" యని నోరు మూయించువారును, "ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదు" అను సామెత చెప్పి మనస్సు నొప్పించువారును ఒకే వీధిలో, కొన్ని వేళల ఒకే యింట, మరికొన్ని వేళల ఒకే నోట కనబడుదురు. పెద్దవాని జుబ్బాలను, మెత్తని పాతచీరల పక్కగుడ్డలను ఆమె కలరా ఉండలు వేసి ట్రంకుపెట్టెలో దాచియుండెను. ఏటేట వాని నెండలో వేసి, మడతలు మార్చి, మరల లోపల పెట్టునపుడు ఆ మడతలపై ఆమె అరచేయి కొంతసేపు నిలిచిపోవుట నేనెరుగుదును. కుమారుడు వచ్చి "అమ్మా, మనింటికి చెల్లి ఎప్పుడొస్తుంది?" అని అడుగునపుడు ఆమె చెప్పు సమాధానము ప్రతిసారి యొకటే: "దేవుడు పంపినప్పుడు నాన్నా." సుబ్బారాయుడి షష్ఠికి బిక్కవోలు పోయి మ్రొక్కి వచ్చినది. ఆ మ్రొక్కును నేను చిన్నబుచ్చను. భగవంతుని యెదుట ఆమె తన కోరికను నోరు తెరచి చెప్పుకొనగలిగినది, మనుష్యుల యెదుట అంత నిర్భయముగ చెప్పుకొనలేకపోయినది.

తుదకు ఒక వైద్యురాలు రక్తపరీక్ష వ్రాసెను. మెదడు అడుగున నుండు పీయూషగ్రంథి, థైరాయిడు పని చాలనపుడు, పలుకని పనివానిని యజమాని గొంతు హెచ్చించి పిలిచినట్లు, టీఎస్‌హెచ్ అను ప్రేరక హార్మోనును అధికముగ విడుచును. ఈమె పరీక్షలో ఆ అంకె 10 దాటియుండెను. థైరాయిడు క్షీణించినపుడు చనుబాలకు హేతువైన ప్రొలాక్టిన్ సయితము పెరుగవచ్చుననియు, అది పెరిగినచో అండము సకాలమున విడుదల కాకపోవచ్చుననియు, గర్భము వచ్చినను నిలువకపోవు ప్రమాద మధికమనియు వైద్యురాలు బోధపరచెను. బిడ్డను కోరి మందు వాడుచున్న స్త్రీకి ఆ అంకె 2.5 లోపల నుండుట మేలనియు చెప్పెను. ముప్పదియైదేండ్లు దాటినవారు ఆరు నెలలు ప్రయత్నించియు ఫలము గానరానిచో ఆలస్యము చేయక చూపించుకొనవలెననియు, ఒక బిడ్డ పుట్టియున్నంత మాత్రమున భర్త పరీక్షను మానరాదనియు హెచ్చరించెను. భర్త మారుమాటాడక తన పరీక్ష చేయించుకొనుట ఆమెకు తొలి ఓదార్పు. అంతవరకు ఆమె లోపమంతయు తనదేయని భావించి, ఆ భారమును ఒంటరిగ మోసినది.

ఆనాటి సాయంకాలము మందుల దుకాణము నుండి నేనా యింటికి వచ్చితిని. పొయ్యి సెగయు, నీటి తడియు లేని చోటు చూచి, పిల్లవాని చేతికందని యెత్తున, పడకగది బీరువా పై అరలో నన్నుంచిరి. అత్తగారికి సందేహము కలిగినది.

"అయోడిన్ ఉప్పే వాడుతున్నాం గదమ్మా! మరి ఈ జబ్బెందుకొచ్చింది?"

ఆ ప్రశ్న ఉచితమైనది. హిమాలయ సానువులలోని కాంగ్రా లోయయందు జనుల కంఠములు గలగండములతో ఉబ్బుచుండగా, అందుకు కారణము అయోడిన్ కొరతయేయనియు, ఉప్పున అయోడిన్ కలిపినచో ఆ బాధ తొలగుననియు 1956లో ఆరంభమైన పరిశోధనచే నిరూపించిన మహనీయుడు శ్రీకాకుళమున జన్మించి విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన డాక్టర్ ఉలిమిరి రామలింగస్వామి. మన తెలుగువాని ఆ కృషి దేశమంతట వంటింటి ఉప్పును మార్చుటకు తోడ్పడినది. కాని ఆ యుద్ధము అయోడిన్ లేమిపై జరిగినది. ఈమె దేహమున అయోడిన్ కలదు; దానిని థైరాక్సిన్‌గ మార్చవలసిన గ్రంథియే దెబ్బతిన్నది. కోడలు ఈ భేదమును ఓపికగ వివరించెను, అత్తగారు ఓపికగ వినెను.

ప్రతి ఉదయము పరగడుపున ఒక మాత్రను మంచినీళ్ళతో వేసికొనవలెను. అరగంట మొదలు గంట వరకు మరేమియు ముట్టరాదు. గోదావరి సీమ యిండ్లలో తెల్లవారుట యనగా కాఫీయే గదా!

"కాఫీ చల్లారిపోతోందమ్మా, తాగెయ్."

"ఇంకో అరగంట ఆగాలండి అత్తయ్యగారూ."

మొదట చిన్నబోయిన ఆ పెద్దావిడ, తరువాత కోడలి కాఫీని ఆలస్యముగ కలుప నారంభించెను. అడుగకయే జరిగిన ఆ మార్పు ఆ యిల్లాలికి మందుతో సమానమైన బలమిచ్చినది. మరియొక చిక్కు కలదు. రక్తము తక్కువయని అంతకుముందే వ్రాసిన ఐరన్ మాత్రను ఆమె నా మాత్రతో పాటే మ్రింగుచుండెను. అట్లు చేయరాదని ఎవరును చెప్పలేదు. ఐరన్ గాని, కాల్షియం గాని కడుపులో థైరాక్సిన్‌ను పట్టి యుంచి రక్తములో చేరనీయవు. వానికిని దీనికిని నాలుగు గంటల యెడముండవలెను. మరల పరీక్ష చేయించినపుడు అంకె తగినంత దిగకపోవుటచే ఈ సంగతి బయటపడి, ఐరన్ రాత్రి భోజనానంతరమునకు మారినది.

నా మందు తొందర యెరుగదు. శరీరమున చేరిన థైరాక్సిన్‌లో సగము తరుగుటకే వారము పట్టును; మోతాదు మార్చిన ఫలితము స్థిరపడి టీఎస్‌హెచ్ అంకె నమ్మదగినదగుటకు ఆరు వారములు కావలెను. నెలనెల ఆశపడి నెలనెల నిరాశపడు స్త్రీకి ఆరు వారములు దీర్ఘకాలమే. ఈలోపల నా మాత్రలు నిండుకొనెను. వైద్యురాలు మోతాదు పెంచి 75 మైక్రోగ్రాముల సీసాను తెప్పించెను. నన్ను కడిగి ఆరబెట్టి పిల్లవానికిచ్చిరి. వాడు నాలో చింతపిక్కలు పోసికొని, అష్టాచెమ్మా ఆడనపుడు నన్ను తల్లి మంచము ప్రక్కనే పెట్టుచుండెను. అందుచేత నా తరువాతి సీసాలు చేసిన సేవయు నా కండ్లబడినది. క్రమక్రమముగ ఆమె జుట్టు రాలుట తగ్గెను, బహిష్టు క్రమమునకు వచ్చెను, అంకె 2.5 లోపలికి దిగెను. అయినను కొన్ని నెలలు గర్భము రాలేదు. మాత్ర బిడ్డలనిచ్చునది గాదు. గర్భమునకు అడ్డుపడుచున్న కారణములలో ఒకదానిని తొలగించునది మాత్రమే. కాని దేహమున సత్తువ చేరినందున ఆ నెలలను ఆమె మునుపటివలె తలవంచుకొని గడపలేదు. మేడమీద బట్టలారవేయుచు పాడుకొనుచుండెను.

తరువాత ఆమె నెల తప్పెను. శుభవార్త విన్న బంధువొకామె "కడుపుతో ఉండి మందులేంటే, ఆపెయ్" అని ప్రేమతోనే చెప్పినది. ప్రేమతో చెప్పబడినను ఇంతకంటె అపాయకరమైన సలహా లేదు. గర్భస్థశిశువు థైరాయిడు సుమారు పండ్రెండవ వారము వరకు పనియే ప్రారంభింపదు. అంతవరకు శిశువు మెదడు పెరుగుదలకు వలసిన థైరాక్సినంతయు తల్లి రక్తము నుండియే అందవలెను. అందుచేత ఇట్టి స్త్రీకి గర్భము తెలిసిన వెంటనే మోతాదు పెంచుట పరిపాటి. ఈమెకు వైద్యురాలు ముందే చెప్పియుంచిన ప్రకారము, పరీక్షకై వేచియుండకుండ, వారమునకు ఏడు మాత్రలకు మారుగ తొమ్మిది వేసికొనసాగెను. సగము గర్భకాలము గడచువరకు నాలుగు వారముల కొకసారి రక్తపరీక్ష చేయించుకొనెను. ఇప్పుడామెకు ఏడవ నెల. ట్రంకుపెట్టెలోని జుబ్బాలు ఎండకు బయటికి వచ్చినవి, ఈసారి వానిని మడతపెట్టుటలో అత్తగారును చేయి కలిపెను.

చదువరులారా! మీ యింటనో పొరుగింటనో ఒక బిడ్డ తల్లి అలసిపోయి, చలికి ముడుచుకొని, నెలలు లెక్కించుకొనుచున్నచో, ఉన్న బిడ్డను చూపి ఆమె కోరికను అణచివేయకుడు. లేని బిడ్డను గూర్చి ప్రశ్నించి ఆమెను దోషిగ నిలబెట్టకుడు. రక్తపరీక్షకు తోడుగ పొండు. మందు వ్రాసినచో ఉదయపు ఆ గంట ఆమెకు విడిచిపెట్టుడు. గర్భము వచ్చినదని మాత్ర మానిపింపకుడు. రెండవ బిడ్డ కలుగుట మన చేతులలో లేకపోవచ్చును. ఆమె జబ్బును జబ్బుగ గుర్తించి, ఆమె దుఃఖమును దుఃఖముగ గౌరవించుట మాత్రము సంపూర్ణముగ మన చేతులలోనిదే.