తొట్టి కడగొద్దు, మందు పోయొద్దు

అక్వేరియంలో చేప చచ్చిందనగానే ఇంట్లో వాళ్లు అనే మొదటి మాట, ‘ముందు ఆ నీళ్లు పారబోసి తొట్టి శుభ్రంగా కడుగు’ అని. ఆ మాట వినకండి. దుకాణంలో ఇచ్చే నీలం మందు పోయకండి. మిగిలిన చేపలు నీరసంగా ఉన్నాయని జాలిపడి నాలుగు గింజలు ఎక్కువ వేయకండి, రెండు మూడు రోజులు పస్తు పెట్టండి. పోయినదాని బదులు సాయంత్రానికి ఇంకో చేప తేకండి. ఇవన్నీ తలకిందుల సలహాల్లా ఉంటాయి. అయినా ఒకటికి రెండుసార్లు ఇవే చెబుతాను. తొట్టిలో మొదటి చేప నీళ్లు పాడై చస్తుంది, తర్వాతవి మాత్రం చాలాసార్లు మన హడావుడికి చస్తాయి.

అంతకన్నా ముందు ఒక నమ్మకం సంగతి. వాస్తు కోసం అక్వేరియం పెట్టుకున్న ఇళ్లలో చేప చస్తే, ఇంటికి రావలసిన కీడు అది తీసుకుపోయింది అంటారు. ఆ మాటతో మనసుకు ఊరట దొరుకుతుందేమో గానీ, ఎందుకు చచ్చిందన్న ప్రశ్న కూడా అక్కడితో సరి. వారం తిరక్కుండా రెండోది పోతుంది, దానికీ అదే మాట. ఆ చేప ఎవరి కీడూ మోయలేదు. మనం పెట్టిన నీళ్లలో ఊపిరాడక పోయింది. దాని చావుకు కారణం వెతకడం మన బాధ్యత.

చచ్చిన చేపను వెంటనే బయటికి తీయండి, కానీ అప్పుడే తులసికోట పక్కన పాతేయకండి. తెల్ల పళ్లెంలో పెట్టి కిటికీ వెలుతురులో చూడండి. చెంప దగ్గర మూతను గోటితో మెల్లగా పైకెత్తితే మొప్పలు కనిపిస్తాయి. చచ్చి గంటా రెండు గంటలే అయితే అవి ఎర్రగా ఉండాలి. కాఫీ రంగుకు తిరిగాయంటే నైట్రైట్‌ను అనుమానించాలి. అది రక్తంలో చేరి హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయనివ్వదు, నీళ్లలో కావలసినంత ఆక్సిజన్ ఉన్నా చేపకు అందదు. రాత్రంతా నీళ్లలో నానిన చేపకు మొప్పలు ఎలాగూ పాలిపోతాయి కాబట్టి, అప్పుడు రంగును బట్టి ఏదీ తేల్చకండి.

తర్వాత చూడాల్సింది ఏది ముందు పోయింది, ఏ వేళ పోయింది అని. ఇది భీమవరం, కైకలూరు వైపు చెరువు రైతులకు చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ‘డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయింది’ అని ఏరేటర్లు వేస్తారు. రాత్రిపూట మొక్కలూ నాచూ కూడా ఆక్సిజన్ వాడేసుకుంటాయి కాబట్టి తెల్లారే ముందు అది అడుగంటుతుంది. హాల్లో ఉన్న రెండడుగుల తొట్టికీ ఇదే లెక్క. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8 మిల్లీగ్రాములకు కాస్త పైన ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగుతుంది. మే నెల రాత్రి కరెంటు పోయి పంపు ఆగితే ఇంకేం చెప్పాలి? పెద్ద చేపలు ముందు పోయి చిన్నవి మిగిలితే ఆక్సిజన్ చాలలేదని అనుకోవచ్చు. గోల్డ్‌ఫిష్‌లన్నీ పోయి ఫైటర్ ఒక్కటే కులాసాగా తిరుగుతున్నా అదే అనుమానం, ఎందుకంటే అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. చిన్నవి ముందు పోతుంటే మాత్రం విషం వైపు చూడాలి.

విషం ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారు. ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి కొడుతుంది. దోమల కాయిల్, ప్లగ్గుకు పెట్టే దోమల మందు, బొద్దింకల స్ప్రే, వీటిలో సాధారణంగా ఉండేవి పైరెత్రాయిడ్ మందులు. మనం రాత్రంతా పీల్చినా లేచి తిరుగుతాం, చేపలకు మాత్రం అవి మహా విషం. చాలా ఇళ్లలో దోమల మందు పెట్టే ప్లగ్గూ అక్వేరియం ప్లగ్గూ పక్కపక్కనే ఉంటాయి. రాత్రి బాగున్న తొట్టిలో తెల్లారేసరికి చేపలన్నీ పోతే ముందు గోడ మీది ఆ బోర్డు చూడండి. గదికి రంగులు వేశారా, చీమల మందు ముట్టుకున్న చేత్తో గింజలు వేశారా అన్నదీ ఇంట్లో అందరినీ అడగాలి, పనమ్మాయిని ఒక్కదాన్నే నిలదీయకుండా.

ఇక కడగొద్దని ఎందుకు అంటున్నానో. చేపల మలమూత్రాలూ తినక మిగిలిన మేతా కుళ్లి అమ్మోనియా అవుతాయి. ఫిల్టర్ స్పాంజిలో, అడుగున గులకరాళ్ల మీద పట్టిన బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మళ్లీ నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మితంగా ఉంటే చేపలకు ప్రమాదం లేదు. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొళాయి కింద స్పాంజి పిండి, రాళ్లు ఉతికి ఆరబెట్టారంటే క్లోరిన్ నీళ్లతో ఆ సంపాదనంతా పోయింది. మరకలు పట్టి జిడ్డుగా ఉన్న స్పాంజే మీ చేపల ప్రాణం. ఫిల్టర్‌లో నీళ్ల ప్రవాహం తగ్గితే తొట్టిలోని నీళ్లనే బకెట్‌లో పట్టి అందులో రెండుసార్లు పిండి పెట్టేయండి.

నీళ్లు మార్చడం వల్లే చేపలు చచ్చే సందర్భం ఒకటుంది. ఏడాదిపాటు ఏ గొడవా లేని తొట్టి, నీళ్లు అద్దంలా ఉంటాయి, ఆవిరైనంత మేర పోస్తూ వచ్చారు. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ సగం నీళ్లు తీసి బోరు నీళ్లు నింపారు. సాయంత్రానికి నాలుగు చేపలు పోయాయి. ‘బోరు నీళ్లు పడలేదు’ అంటారు. జరిగింది వేరు. అమ్మోనియాను మార్చే పనిలో ఆమ్లం పుడుతుంది, ఏడాదిగా అది నీటిలోని క్షారాన్ని తినేస్తూ వచ్చింది. పీహెచ్ 6కు జారాక బాక్టీరియా పని దాదాపు మానేస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. కానీ ఆమ్లపు నీటిలో అది అమ్మోనియం రూపంలో, పెద్దగా హాని చేయకుండా ఉండిపోతుంది. పీహెచ్ 6 దగ్గర అందులో విషపు వంతు వెయ్యింటికి ఒకటి కూడా ఉండదు. 8 దగ్గర, 25 డిగ్రీల వేడిలో, నూటికి ఐదు దాటుతుంది. క్షారం ఎక్కువున్న బోరు నీళ్లు పడగానే నిద్రపోతున్న అమ్మోనియా కొంత విషమై కూర్చుంది. శుభ్రం చేద్దామన్న మంచి ఉద్దేశమే చంపింది.

అందుకే నీళ్లు ముట్టుకునే ముందు తొట్టి పీహెచ్, బోరు పీహెచ్ రెండూ కొలవండి. బోరు నీళ్లు బకెట్‌లో ఒక రాత్రి బుడగలు పెట్టి ఉంచాకే కొలవాలి, కార్బన్ డయాక్సైడ్ పోయాక గానీ అసలు పీహెచ్ తెలియదు. రెండింటికీ తేడా ఒకటికి మించితే రోజుకు పదోవంతు చొప్పున పది పన్నెండు రోజులు మార్చుకుంటూ పోవాలి. ఓపిక లేని వాళ్లకు ఇది కష్టం, కానీ దగ్గర దారి లేదు. దీనికి మినహాయింపు కొత్త తొట్టి. పెట్టి నెల కాలేదు, నీళ్లు పరీక్షించే చుక్కల కిట్‌లో అమ్మోనియా ఆకుపచ్చ రంగు చూపిస్తోంది, రెండు పీహెచ్‌లూ దగ్గరగానే ఉన్నాయి అంటే సగం దాకా ఆ రోజే మార్చండి. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ వేశాకే. నైట్రైట్ ఉంటే లీటరుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము కళ్లుప్పు కరిగించి పోయవచ్చు, అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి చొరనివ్వదు. మొక్కలున్న తొట్టిలో మాత్రం వద్దు.

మందు ఎప్పుడంటే, జబ్బు కంటికి కనిపించినప్పుడు. ఒంటినిండా రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలుంటే అది ఇక్ అనే పరాన్నజీవి. ఒంటికి అంటుకుని ఉన్నప్పుడు దానికి మందు తగలదు, రాలి నీళ్లలో ఈదే పిల్లలకే తగులుతుంది. చుక్కలు పోయాయని ఆపేస్తే మళ్లీ వస్తుంది కాబట్టి డబ్బా మీద చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే. చుక్కలు లేకుండా, కిట్‌తో నీళ్లు చూడకుండా మిథిలిన్ బ్లూ పోస్తే ఫిల్టర్ బాక్టీరియా దెబ్బతింటుంది. ఇంటి వైద్యమని పసుపు కూడా వేయొద్దు.

తొట్టి కడిగే పని తప్పుతుందని సక్కర్ చేప కొంటారు. అది ఏదీ కడగదు. అడుగున్నర దాకా పెరిగి, తిన్నదానికి తగ్గట్టు మలినం వదులుతుంది. విసుగొచ్చి ఊరి చెరువులో వదిలే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. మన జాలర్ల వలలు కోసే దెయ్యం చేప ఆ జాతిదే.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా రెండు వారాలు సున్నా చూపించాకే కొత్త చేప సంగతి ఆలోచించండి, అదీ ఒక్కటే. చెన్నై కొళత్తూరు నుంచి రాత్రంతా బస్సులో వచ్చిన సంచి అయితే, మూతి కట్టి ఉండగానే పావుగంట మరో చిన్న తొట్టిలో తేలనిచ్చి వేడి సరిచూసుకోండి. ఒకసారి విప్పాక తాత్సారం చేయొద్దు. కార్బన్ డయాక్సైడ్ పోయి, పీహెచ్ లేచి, సంచిలోని అమ్మోనియా విషమవుతుంది. చేపను చిన్న వలతో ఎత్తి, ఆ చిన్న తొట్టిలోనే రెండు వారాలు విడిగా ఉంచండి. సంచి నీళ్లు సింకులో పారబోయండి.