గ్రాఫు గళ్లల గుహలు: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

మూలము

తే.గీ.
గ్రాఫు గళ్లల గుహలెన్నొ కట్టిపెట్టి
తలుపు వెనుకేమి యున్నదో దాచియుంచి
పాచికల మాట జవదాట భయము పడుచు
నాట నడిపించువాడెపో నారదుండు.

అవతారిక

ఈ పద్యం ఒక గ్రాఫు కాగితం వెనక పెన్సిలుతో రాసి ఉంది. దస్తూరి అచ్చం నాదే. అయినా కవిని ఎరగనట్టు ఉండడం వ్యాఖ్యాతకు మర్యాద కనుక ‘కవి కాలాదులు తెలియరావు’ అని ముందుకు పోతున్నాను. మెదక్ వైపు కొల్చారం వాడు కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. మొదటి ఒట్టు నాకూ సమ్మతమే. రెండోది పోచంపల్లిలో కుదరదు.

స్థలం, మా బామ్మర్ది ఇంట్లో మగ్గం గది. కాలం, శనివారం రాత్రి అన్నాలు అయినంక. ఆట, డంజన్స్ అండ్ డ్రాగన్స్. అందులోనూ పాతకాలపు పద్ధతి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అని ఒక చిన్న ఊరు. ఆ ఊరి గ్యారీ గైగాక్స్, మినెసోటా మిత్రుడు డేవ్ ఆర్నెసన్‌తో కలిసి అల్లిన ఆటను 1974లో మూడు చిన్న పుస్తకాలుగా వేసి, డబ్బాలో పెట్టి, 10 డాలర్లకు అమ్మాడు. మొదట వేసినవి 1,000 డబ్బాలు. ఇందులో వైకుంఠపాళిలాగా పటం పరిచి పావులు జరపరు. గెలిచినవాడూ ఓడినవాడూ ఉండరు. ఒకడు ఒక లోకాన్ని చెప్తుంటాడు. మిగతావాళ్లు అందులో తలా ఒక మనిషై ‘నేను ఇది చేస్త’ అంటారు. అయిందా లేదా అన్నది పాచిక చెప్తుంది. ఆ లోకం అచ్చులో దొరుకుతుంది, కొనుక్కోవచ్చు. మేం కొనలేదు, సొంతంగా అల్లుకున్నాం.

ఆడేవాళ్లు నలుగురు. చిటికి కట్టే బామ్మర్ది. అతని భార్య, నాకు చెల్లె వరస. ఇంటర్ చదివే మేనల్లుడు. మోకాళ్లు సహకరించక మగ్గం దిగిపోయిన మా చిన్నాయిన. ఆడించేవాణ్ని నేను.

ప్రతిపదార్థము

గ్రాఫు గళ్లల = గ్రాఫు కాగితపు చదరాలయందు; గుహలు ఎన్నొ = పెక్కు కొండ బిలములను; కట్టిపెట్టి = (దీని సంగతి కింద చూడండి); తలుపు వెనుక = మూసిన తలుపునకు ఆవల; ఏమి యున్నదో = భూతమో, ధనమో, ఉత్త గోడయో; దాచియుంచి = బతిమాలినను చెప్పక; పాచికల మాట = పాచికలు పలికిన అంకెను; జవదాట = మీరుటకు; భయము పడుచున్ = జంకుచు; ఆట = ఈ క్రీడను; నడిపించువాడె పో = సాగించువాడే సుమా; నారదుండు = నారదుడు.

తాత్పర్యము

ముందే పటాలు గీసి ఉంచుకుని, గుట్టు విప్పకుండా, పాచిక ఏది పడితే దానికి కట్టుబడి ఆట ఆడించేవాడే నారదుడు. పరీక్షకు చదివేవాళ్లు ఇక్కడితో పుస్తకం మూయవచ్చు.

విశేషములు

‘గళ్లల’: ‘గళ్లలో’ అని ఉండాలి కదా అని కోస్తా మిత్రుడొకడు ఆక్షేపించాడు. అలా అన్నా గణం చెడదు; భగణానికి బదులు రగణమవుతుంది, రెండూ ఇంద్రగణాలే. కాబట్టి కవి గత్యంతరం లేక అన్నది కాదు, నోటికి వచ్చిందే అన్నాడు. మా దగ్గర ఇంట్ల, ఊళ్ల, గళ్లల.

‘గ్రాఫు’: పోచంపల్లిలో గ్రాఫు కాగితం లెక్కల పరీక్ష కోసమే కొనరు. చీర నమూనా దానిమీదే గీస్తారు. గడికి ఇన్ని పోగులు, ఈ గడికి ఈ రంగు అని లెక్క కట్టుకుంటారు. ఆ లెక్క చొప్పున నూలు మీద చిటికి కడతారు, అంటే రంగు పట్టకూడని చోటును రబ్బరు పట్టీతో బిగిస్తారు. ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ వేరే చోట కట్టి, మళ్లీ ముంచుతారు. నాడె ఆడకముందే పువ్వంతా పోగులో ఉంటుంది. అమెరికావాళ్లు కూడా గుహల పటాలు గ్రాఫు కాగితం మీదే గీశారు, గడికి 10 అడుగుల లెక్కన. నేను మొదటి గుహను బామ్మర్ది కాగితాల కట్టలోంచి ఒకటి లాగి గీశాను. రెండు రోజుల తర్వాత అది అతని కంటబడింది. చాలాసేపు అటూ ఇటూ తిప్పి, “కొంగుకైతె మంచిగుంటది బావా, కని అంచు కలుస్తలేదు” అన్నాడు. ఎండిపోయిన బావి ఉన్న గది అది. అంచు కలవడానికి ఇంకో సొరంగం గీశాను. తర్వాత మేనల్లుడు పారిపోయి బతికింది ఆ సొరంగంలోంచే.

‘గుహలెన్నొ’: ఇవి రాచకొండ గుట్టల్లోవి. పద్మనాయక రాజుల రాజధాని అది. అక్కడ ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుడు ‘రసార్ణవసుధాకరం’ రాశాడు; రసాలు, నాయకులు, రూపకాలు, వాటి లక్షణాలు చెప్పే శాస్త్రం. నాటకం ఎలా ఉండాలో చెప్పినవాడి కోట కింద, నాటకం ముందుగా రాసుకోకుండా ఆడే ఆటకు గుహలు తవ్వాను. ఆయన క్షమించాలి. లోపల ఎల్ఫులు, డ్వార్ఫులు లేరు. వాళ్లకు మా ఎండ పడదు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీల్లో పంచిపెట్టిన మాంత్రికులు, దాసరి సుబ్రహ్మణ్యం చందమామ సీరియళ్లలో ఊరేగించిన వింత జంతువులు చాలు. చిన్నాయిన మొదటి రాత్రే పసిగట్టాడు. “ఇది పాతాళదుర్గంల సంగతి గదరా, నేను లైబ్రరీల సదివిన” అన్నాడు. మరుసటి వారానికి మార్చాను.

‘కట్టిపెట్టి’: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ఇది శ్లేష. నిర్మించి పెట్టుకుని అని ఒక అర్థం. చిటికి కట్టి పెట్టుకుని అని రెండో అర్థం. మానేసి, చాలించి అని మూడో అర్థం. దీన్ని మా ఇంట్లో వారానికి ఒకసారి, శనివారం సాయంత్రం నేను చెప్పులు తొడుక్కునేటప్పుడు, వాడతారు. పండితులు దీన్ని కవిపత్నీ పక్షం అంటారు. వ్యాఖ్యాత దీనిమీద ఎక్కువ చర్చించడు.

రెండో అర్థమే కవి హృదయం. పాతపద్ధతిలో ఆడించేవాడు కథ కట్టడు, చోటు కడతాడు. ఏ గదిలో ఎవరున్నారు, వాళ్లకేం కావాలి, ఎవరికి ఎవరితో పడదు అనేది కట్టి ఊరుకుంటాడు. లోపలికి వచ్చినవాళ్లు ఏం చేస్తారన్నది వాళ్ల నేత. నేను మూడు రాత్రులు కూర్చుని ఒక బ్రహ్మరాక్షసుడికి వంశవృక్షం రాశాను. చెల్లె వాడున్న గది గడప దగ్గర ఆగి, మూటలోంచి ముగ్గుపిండి తీసి నేలమీద చల్లుతున్నానంది. అడుగులు పడ్డాయి, మనిషి కనపడలేదు. “అన్నా, మేం పోతలేం. బయటినుంచి బండ అడ్డం పెడుతున్నం.” వంశవృక్షం ఇప్పటికీ ఆ బండ వెనకే ఉంది.

‘తలుపు వెనుక’: 1974 పుస్తకాల ప్రకారం గుహల్లో తలుపులన్నీ బిగుసుకుపోయి ఉంటాయి. భుజంతో తొయ్యాలి, ఆరు ముఖాల పాచిక మీద 1 గానీ 2 గానీ పడితేనే తెరుచుకుంటుంది. చెవి ఒగ్గి వింటే లోపలి చప్పుడు మామూలు మనిషికి ఆరింట ఒకసారే వినబడుతుంది. రాక్షసులకు మాత్రం అవే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఆఫీసుల చుట్టూ తిరిగిన పాఠకులకు ఈ సూత్రం విడమర్చక్కర్లేదు.

తలుపు దగ్గర తచ్చాడేకొద్దీ దివిటీ అయిపోతుంది. 10 నిమిషాలు ఒక వంతు. ఆరు వంతులకు ఒక దివిటీ. కాబట్టి ‘దాచియుంచి’ అన్నది ఊరికే గుట్టు కాదు, ఆ గుట్టు విప్పడానికి బయట దివిటీ ఖర్చవుతుంది.

‘పాచికల మాట’: గుహలో ఎవరైనా ఎదురైతే కత్తి దూయడమే అనుకుంటారు కొత్తవాళ్లు. అదేం కాదు. ఎదురైనవాడి మనసు ఎలా ఉందో రెండు పాచికలు వేసి చూడాలి. 1981లో వచ్చిన పుస్తకం లెక్క చెప్తాను: 2 పడితే వెంటనే మీద పడతాడు, 12 పడితే ప్రాణస్నేహితుడవుతాడు, 6 నుంచి 8 పడితే ఎటూ తేల్చుకోడు. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 2 పడేది ఒక్కసారి. 6, 7, 8 కలిపి 16 సార్లు. అంటే రాక్షసులు కూడా సగానికి కాస్త తక్కువసార్లు మనలాగే, ముందు నిలబడి చూస్తారు. చంపితే వచ్చేదీ తక్కువే. మెట్టు, అంటే లెవెల్, ఎక్కడానికి అనుభవపు పాయింట్లు కావాలి. యోధుడికి రెండో మెట్టుకు 2,000. బయటికి మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒకటి. మామూలు రాక్షసుణ్ని చంపితే 10, అదీ నలుగురికి పంచాలి. లెక్క తెలిసినవాడు కత్తి ఒరలో పెట్టి మూట విప్పుతాడు. నేతగాళ్లకు ఈ లెక్క ఒక్క రాత్రిలో ఒంటబట్టింది.

తొమ్మిదో మెట్టు ఎక్కిన యోధుడు కోట కట్టుకుని భూములు ఏలవచ్చని చెప్పాను. “కోటెందుకురా, నూరెకరాలు దానమిస్త. పేరు ఊరికే ఉంటది” అన్నాడు చిన్నాయిన. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చి, ఊరిపేరుకు ముందు భూదాన్ అన్న మాట తగిలించిన చోట, ఇంకో జవాబు రాదు. చిన్నాయిన అప్పటికి రెండో మెట్టు.

పాచికల గురించి ఇంకొక మాట. 20 ముఖాల పాచిక మన బజార్లో దొరికేది కాదు. అమెరికాలోనూ ఒకప్పుడు కరువే. 1979లో పాచికలు చాలక డబ్బాల్లో అంకెల చీటీలు పెట్టి అమ్మారు. మేమూ మొదట చీటీలే వేసి, చెంబులోంచి తీశాం.

‘జవదాట భయము పడుచు’: ఈ భయం కవికి పుట్టుకతో వచ్చింది కాదు. ఒక తేలు వల్ల వచ్చింది.

బామ్మర్ది ఆడే మనిషి పేరు సింగన్న. ఒకటో మెట్టు యోధుడు, ప్రాణం 3. బండ కింద చెయ్యి పెట్టాడు, రాక్షసి తేలు కుట్టింది. పాతపద్ధతిలో విషానికి నెమ్మది లేదు. 20 ముఖాల పాచిక మీద 12 గానీ ఆపైన గానీ పడాలి, పడకపోతే చావే. ఆటగాడే వేయాలి. కానీ బామ్మర్ది ఆడుతూ కూడా చిటికి కడుతుంటాడు. పళ్లతో పట్టీ లాగి బిగిస్తూ “నువ్వే ఎయ్యి బావా” అన్నట్టు తలూపాడు. పుస్తకం చాటున వేశాను. 7 పడింది. అతను మూడు నెలలుగా పెంచుకున్న సింగన్న. “14” అన్నాను. బతికాడు. అందరూ నవ్వారు. బామ్మర్ది నవ్వలేదు, పట్టీ బిగించుకుంటూ ఉన్నాడు.

తర్వాతి శనివారం ఆటకు ముందు రెండు గుడ్డముక్కలు నా ముందు పెట్టాడు. రెండింటిమీదా ఒకే నమూనా. ఒకదానిలో గీతలు కత్తితో కోసినట్టున్నాయి. రెండోదానిలో రంగు అంచు కొద్దిగా అలుక్కుని ఉంది. రంగు పోగు వెంట పాకుతుంది, పోగు నేతలో వెంట్రుకవాసి జరుగుతుంది, ఎంత పనివాడైనా అంతే. తిప్పమన్నాడు. తిప్పాను. మొదటిది వెనక వెలవెలబోయింది. రెండోది రెండు దిక్కులా ఒక్కటే.

“ఇది ప్రింటు. ముందట మస్తుంటది” అన్నాడు. ఆగి, “మొన్న ఏడు వడ్డది గద బావా?”

నేను ఏమీ అనలేదు. సింగన్న వివరాలు రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మగ్గం గుంతలో వేసి, కొత్త కాగితం అడిగాడు. ఆనాటి నుంచి పాచికలు మగ్గం దోనె పక్కన ఇత్తడి పళ్లెంలో, అందరి ముందూ పడతాయి. చప్పుడు బయటికి వినబడుతుంది.

‘నారదుండు’: రూపకాలంకారం. 1974 పుస్తకాల్లో ఆడించేవాణ్ని ‘రెఫరీ’ అన్నారు. ‘డంజన్ మాస్టర్’ తర్వాత వచ్చిన బిరుదు. రెండూ తేటగీతికి లొంగవు. నారదుడైతే దేవతలకూ రాక్షసులకూ నిజమే చెప్తాడు, అడిగినంతవరకే చెప్తాడు, తగవు రాజేసి తాను ఆయుధం పట్టడు. కలహం అతనికి భోజనం. నాకు మిరపకాయ బజ్జీలు కూడా ఇస్తారు.

పాఠాంతరం: మేనల్లుడి దగ్గరున్న ప్రతిలో చివరి పాదం ‘నాట నడిపించువాడెపో శకుని వీడు’ అని ఉంది. గణాలు సరిపోయాయి. కానీ ‘నా’కూ ‘శ’కూ యతి చెల్లదు. అర్థమూ చెల్లదు, శకుని పాచికలు శకుని మాట వినేవి, ఇక్కడ వ్యవహారం తలకిందులు. కనుక పరిష్కర్త ఈ పాఠాన్ని తోసిపుచ్చాడు. “తేలు కుట్టిన రాత్రికి చెల్లుతది గద మామా” అన్నాడు వాడు. ఆ ఒక్క రాత్రికి యతిభంగంతో సహా చెల్లుతుంది.

ఇక మిగిలింది రెండో పాదం. పోయిన వారం దివిటీ ఆరేసరికి నలుగురూ ఏడో తలుపు ముందున్నారు. చిన్నాయిన చెవి ఒగ్గాడు, ఏమీ వినబడలేదు. ఆ తలుపు వెనక ఏమున్నదో వ్యాఖ్యాతకు తెలుసు. ఈ వ్యాసం చెల్లె చదువుతుంది కనుక రాయడం లేదు.