మా రోజుల్లో ఫెయిలైనవాడి పేరు కూడా తెలిసేది

మే నెలలో మా రాజపాళయం వచ్చేవాళ్లకు నేనొక పని చెబుతాను. పాత బస్టాండులో దిగి తెన్‌కాశి రోడ్డు వెంబడి ఓ మైలు నడవండి. ఎండకు మాడు పగులుతుంది, అయినా నడవండి. రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలే. ఒక్కోదాంట్లో పది పదిహేనుమంది పిల్లల ముఖాలు, పక్కన అంకెలు. 500కి 496, 600కి 591, లెక్కల్లో సెంటం, అంటే నూటికి నూరు మార్కులు, కంప్యూటర్ సైన్సులో సెంటం. పైన యాజమాన్యం వాళ్ల ఫొటోలు, పిల్లల ముఖాలకు మూడింతలు. అడుగున లావుపాటి తమిళ అక్షరాల్లో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. ఈ బడీ నూటికి నూరే, దాని ఎదురు బడీ నూటికి నూరే. నాకు డెబ్బై అయిదు దాటాయి, చేతిలో పని లేదు, కళ్లజోడు సవరించుకుని ఒక్కటీ వదలకుండా చదువుతాను. చదివినకొద్దీ ఒకటే అనుమానం. ఫెయిలైనవాళ్లు ఏమయ్యారు? మా రోజుల్లో వాళ్లు ఊళ్లోనే ఉండేవాళ్లు.

మా రోజులంటే 1965. ప్లస్ టూ అప్పటికింకా పుట్టలేదు, అది వచ్చింది 1978లో. మాకు పదకొండేళ్ల చదువు, చివర ఎస్సెస్సెల్సీ. ఆ జనవరిలో హిందీ వ్యతిరేక ఉద్యమం రాజుకుని బళ్లు మూతపడ్డాయి. బడి లేదు కదా అని మేం సంజీవి మలై ఎక్కి కూచున్నాం. పరీక్ష మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఫలితాలు సాయంకాలం పేపర్లో వచ్చేవి. పేర్లుండవు, మార్కులుండవు, వట్టి నెంబర్లు. మదురై బస్సు మీంచి పేపరు కట్ట దించీ దించకముందే అంగడి ముందు తోపులాట. ఎవరో ఒక పెద్దాయన పేపరు లాక్కుని పైకి చదివేవారు. నలభై ఒకటి, నలభై రెండు, నలభై అయిదు. అంతే. నలభై మూడు ఎవరో, నలభై నాలుగు ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు. వాళ్లిద్దరూ అక్కడే నిలబడి ఉండేవాళ్లు కూడా.

నలభై నాలుగు మా పెదనాన్న కొడుకు. ఆ రాత్రి వాళ్లింట్లో ఎవరూ అన్నం తినలేదు. పెదనాన్న నోరు చాలా పెద్దది, వీధి వీధంతా విన్నది. అక్టోబరులో మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. ఆ తర్వాత మిల్లులో నూలు యంత్రాల దగ్గర సైడరుగా చేరాడు. పి.ఎ.సి. రామస్వామి రాజా గారు 1936లో రాజపాళయం మిల్స్ పెట్టినప్పటి నుంచీ మా ఊరి చదువుకు అదొక అండ. మిల్లు సంగు కూస్తే ఊరు లేచేది, సంగు కూస్తే తినేది. పాసైనవాడు ఆఫీసు వైపు గుమ్మంలోంచి పోయేవాడు, తప్పినవాడు యంత్రాల వైపు గుమ్మంలోంచి. అంతేగానీ ఎవడూ ఊళ్లోంచి మాయమైపోలేదు. మా అన్న మేస్త్రీగా రిటైరయ్యాడు, ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేశాడు. చచ్చేదాకా ‘నేను నలభై నాలుగుని’ అని తనే చెప్పుకుని నవ్వేవాడు.

కింది తరగతుల వాళ్లకు పోస్టుకార్డు. ఏప్రిల్‌లో పరీక్షలు అవగానే మా ఇంటి అడ్రసు మా చేత్తోనే రాసి క్లాసు వాద్యార్‌కిచ్చి రావాలి. మే చివర అది తిరిగొచ్చేది. పై తరగతికి పోతే ప్రమోటెడ్, లేకపోతే డిటెయిన్డ్. అంతకుమించి ఒక్క అక్షరం ఉండేది కాదు. అది కార్డు కదా, పోస్ట్‌మాన్ దారిలోనే చదివేసుకుని, గుమ్మంలో సైకిలు దిగకుండానే ‘అమ్మా, మీవాడు ఎనిమిదిలోనే ఉంటాడంట’ అని కేకేసేవాడు. ఇప్పుడంటే దాన్ని పిల్లల మనసు గాయపరచడం అంటారు. గాయమే. కాదనను. కానీ ఆ కార్డులో అబద్ధం ఉండేది కాదు.

ఇక బడి సంగతులు ఊరికి తెలిసేది వార్షికోత్సవం నాడు. హెడ్మాస్టరు మైకు ముందుకొచ్చి రెండే రెండు కాగితాలు చదివేవారు. ఇంతమంది పరీక్షకు కూచున్నారు, ఇంతమంది పాసయ్యారు, ఇంతమంది తప్పారు. తప్పినవాళ్ల లెక్క చదివేటప్పుడు గొంతు కాస్త తగ్గేది గానీ చదవకుండా దాటేసేవారు కాదు. తర్వాత బహుమతులు. ఎవర్‌సిల్వర్ ప్లేటో, టంబ్లరో, దాని అంచున మన పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉండేది. వ్యాసరచనకు నాకొక ప్లేటు వచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో ఇడ్లీ దాంట్లోనే తింటాను, కోడలు ఎన్ని పింగాణీవి కొన్నా.

ఆ వ్యాసం తమిళంలో రాసింది. తెలుగు పాఠకులకు ఇది కాస్త వింతగా ఉండొచ్చు. విజయనగరం రోజుల్లో తెలుగుదేశం నుంచి దిగివచ్చిన రాజులం మేము. పుదుపాళయం, పళయపాళయం, సింగరాజకోట, చక్రరాజకోట అని పేటలు కట్టుకుని ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. తిరుక్కురళ్ అప్పగింతలో ఫస్టు వచ్చేవాడు ఇంటికెళ్లి అమ్మతో తెలుగులో చెప్పుకునేవాడు. తెలుగు అక్షరం మాకెవరూ నేర్పలేదు. పత్తి కొనుగోలుకు గుంటూరు, ఆదోని తిరిగే ఉద్యోగంలో పడ్డాక అంగళ్ల బోర్డులు చూసి నేను కూడబలుక్కున్నాను. మద్రాసు రాజ్యానికి 1949 నుంచి 1952 దాకా ప్రభుత్వాధినేతగా ఉన్న పూసపాటి కుమారస్వామి రాజా గారు మా ఊరివారే. 1950 జనవరి 26న దేశం రిపబ్లిక్ అయినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. ఇంతటి ఊరు కదా, బళ్లు సాధించిన ఘనకార్యాల్లో తెలుగు ఒక్క పేజీలోనైనా ఉంటుందేమోనని వెతికాను. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఈ ఒక్క విషయంలో మా రోజులు గొప్పవని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు బడి సంగతులు ఫోనులోకి వస్తున్నాయి. టర్ము ముగిసిందంటే చాలు, మా మనవడి బడి ఒక పుస్తకమే పంపిస్తుంది, అన్నీ రంగుల బొమ్మలు. కరాటేలో పసుపు బెల్టు ఫలానావాడు, అబాకస్‌లో మూడో లెవెల్ ఫలానా పాప. సిలంబం, యోగా, చదరంగం, చేతిరాత, పెద్దపెద్ద పేర్ల ఒలింపియాడ్లు. వందలమంది పిల్లల్ని ఎండలో నిలబెట్టి కర్ర తిప్పించి ప్రపంచ రికార్డు అని ఒక సర్టిఫికెట్టు. ఆ రికార్డు ఇచ్చినవాళ్లెవరో, దానికి డబ్బు కట్టిందెవరో పుస్తకంలో లేదు. ఎల్‌కేజీలో పరుగుపందెం పెట్టారు, పరిగెత్తిన ప్రతివాడికీ కప్పు. కింద పడ్డవాడికీ కప్పే. మా మనవడు నన్నడిగాడు, ‘తాతా, మీ కాలంలో నీకెన్ని కప్పులొచ్చాయి?’ ప్లేటు చూపించాను. వాడికి నవ్వాగలేదు.

ఒక్క సంగతిలో మాత్రం ఈ కాలానికి దండం పెడతాను. మా అక్క నాకంటే తెలివైనది, లెక్కలు నాకు నేర్పింది అదే. పెద్దమనిషి అయ్యిందని ఎనిమిదిలో మాన్పించారు. దానికి ఏ పోస్టుకార్డూ రాలేదు, ఏ పేపర్లోనూ నెంబరు పడలేదు. ఎస్సెస్సెల్సీ అయ్యాక మగపిల్లలకే దిక్కుండేది కాదు. పై చదువంటే విరుదునగరో మదురైయో పాళయంకోటయో వెళ్లాలి, మా ఊళ్లో రాజుల కాలేజీ వచ్చింది 1973లో. ఇప్పుడు ఏటా తమిళనాడంతా ఆడపిల్లలే ముందు. ఆ ఫ్లెక్సీల్లో జడలున్న తలలే ఎక్కువ. అది చూసినప్పుడు నా కోపం సగం దిగుతుంది.

మిగతా సగం ఎందుకు దిగదో చెబుతాను.

మా విరుదునగర్ జిల్లాకు పరీక్షల్లో పేరుంది. 2017లోనూ 2018లోనూ ప్లస్ టూ ఫలితాల్లో రాష్ట్రానికే మొదటి జిల్లా. 2018లో 97.05 శాతం, రాష్ట్రం మొత్తం మీద చూస్తే 91.1. గర్వంగానే ఉంటుంది, లేదనడం ఎందుకు? ఆ పేరు వెనక రాత్రీ పగలూ కష్టపడిన వాద్యార్లున్నారు, సర్కారు బళ్లలో సాయంకాలం క్లాసులు చెప్పినవాళ్లున్నారు. కానీ శాతానికి రెండంకెలుంటాయి. పాసైనవాళ్లు పైన, రాసినవాళ్లు కింద. పైదాన్ని పెంచడం కష్టం, కిందిదాన్ని తగ్గించడం తేలిక.

ఎలా తగ్గుతుందంటారా? 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక ఎనిమిది దాకా ఎవర్నీ ఆపకూడదు. తర్వాత కేంద్రం సడలించినా తమిళనాడు ససేమిరా అంది, మంచిదే. కాబట్టి జల్లెడ తొమ్మిదిలో పడుతుంది. మా వీధిలో ఆటో నడిపే అబ్బాయి ఉన్నాడు. వాళ్ల పిల్లాడు ఒక బడిలో ఆరు నుంచీ చదివాడు, బడి పేరు ఇప్పుడెందుకు. తొమ్మిది పరీక్షలయ్యాక తండ్రిని పిలిచి కుర్చీ వేసి కూచోబెట్టి కాఫీ ఇచ్చారట. ‘మీవాడికి ఇక్కడ కష్టమండీ, టి.సి. తీసుకెళ్లండి, ట్యుటోరియల్లో వేసి ప్రైవేటుగా కట్టించండి’ అన్నారట. తిట్టలేదు, కొట్టలేదు, డిటెయిన్డ్ అని ముద్రా వేయలేదు. ఆ మరుసటేడు ఆ బడి నూటికి నూరు. రాళ్లన్నీ ఏరేసి బియ్యం కొలిచి, మా పొలంలో రాయే పండలేదన్నట్టు.

ఇలాంటి తెలివి సర్కారుకు తెలియనిది కాదు. ప్లస్ వన్ పాఠాలు ఎగ్గొట్టి రెండేళ్లూ ప్లస్ టూ పాఠాలే బట్టీ వేయిస్తున్నారని 2017-18 నుంచి ప్లస్ వన్‌కూ పబ్లిక్ పరీక్ష పెట్టారు. అదే సమయంలో స్టేట్ ఫస్టు, జిల్లా ఫస్టు అని ప్రకటించడం మానేశారు. ర్యాంకులు పోయాయి, ఫ్లెక్సీలు పోలేదు. ర్యాంకు రాయకూడదంటే మార్కు రాస్తారు, అంతేగా. 2025లో కొత్త రాష్ట్ర విద్యావిధానమని ఆ ప్లస్ వన్ పరీక్షను తీసేశారు. పిల్లల మీద బరువు తగ్గింది నిజమే. ఎగ్గొట్టేవాళ్లకు తలుపూ తెరుచుకుంది. 2020లో కరోనా వచ్చి పదో తరగతి పరీక్షే జరగలేదు, త్రైమాసిక, అర్ధసంవత్సర మార్కులు, హాజరు చూసి అందర్నీ పాస్ చేశారు. ఆ ఏడూ ఫ్లెక్సీ కట్టినవాళ్లున్నారు! పరీక్ష రాయకుండా వచ్చిన నూటికి నూరుకు కూడా పూలదండ వేసిన ఫొటో.

ఈ జిల్లా తనవాడని చెప్పుకునే పెద్ద పేరు కామరాజర్. విరుదునగర్‌లో పుట్టాడు, చిన్నతనంలోనే చదువు మానేసి అంగట్లో కూచున్నాడు. ముఖ్యమంత్రి అయ్యాక 1956లో బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించాడు, ఊరూరా బడి తెరిపించాడు. ప్రతి బడి గోడ మీదా ఆయన బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ కింద కూచునే, మధ్యలో చదువు తప్పేట్టున్న పిల్లాడికి టి.సి. రాసిస్తారు.

మా కాలం దయగలదని నేననను. వాద్యార్ బెత్తానికి దయ లేదు, పోస్ట్‌మాన్ నోటికి దయ లేదు, మా పెదనాన్నకు అసలే లేదు. కానీ తప్పినవాడు లెక్కలో ఉండేవాడు. అక్టోబరులో మళ్లీ రాయమని చెప్పడానికి వాడి పేరు బడికి తెలిసి ఉండేది. ఇప్పుడు సప్లిమెంటరీ ఒకట్రెండు నెలల్లోనే పెడుతున్నారు, మా కాలం కంటే ఎంతో మేలు. అయితే వాడు నావాడు అని చెప్పుకునే బడి కావాలి కదా వాడికి.

హెడ్మాస్టర్లకు, కరెస్పాండెంట్లకు ఒక విన్నపం. టర్ము ఆఖరున మీరు పంపే రంగుల పుస్తకంలో ఇంకొక్క లైను వేయండి. ఆరో తరగతిలో ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది మీ బడి నుంచే పది రాశారు. ఊరు మారి వెళ్లినవాళ్లను తీసేసి చెప్పినా సరే. తల్లిదండ్రులకూ ఒక మాట. జూన్‌లో అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు ఎంతని అడగకముందే ఈ రెండంకెలూ అడగండి. చెప్పకపోతే పక్క బడికి నడవండి.