తుపాకి గజము

గజమనగా ఏనుగని మీరు భ్రమపడవలదు; బట్టల అంగడిలోని కొలకఱ్ఱయు కాదు. మూతివైపునుండి మందు కూరెడి తుపాకులకు గొట్టము క్రింద ఒదిగియుండి, ప్రతి కాల్పునకు ముందు వెలికి వచ్చి, మందును గుండును అడుగంట దిగగొట్టి, మరల తన గాడిలోనికి పోయెడి సన్నని ఉక్కుచువ్వకు గజమని పేరు. నేనట్టి చువ్వను. 1853 నాటి నమూనా ననుసరించి చేయబడిన ఎన్‌ఫీల్డు రైఫిలుకు తోబుట్టువుగా ఇంగ్లండులో పుట్టి, ఓడ నెక్కి వచ్చి, గంగాయమునల నడిమి నేలకు చేరితిని. నా తుపాకి కొయ్య ఏనాడో పుచ్చి రాలిపోయినది. గొట్టము ఏ కొలిమిలో కరగినదో యెఱుగను. నేను మాత్రము చేతులు మారి మారి, పాత ఢిల్లీలో జామామసీదు చేరువ ఒక ఇనుపసామానుల కొట్టులో తాళపుచెవుల గుత్తుల నడుమ పడియుండగా, కచేరీ ఉద్యోగము విరమించి కరోల్‌బాగున నివసించుచున్న ఒక తెలుగు పెద్దమనిషి కంటబడితిని. నాకీ భాష వారి ఇంటనే అబ్బినది. వారి చదువుబల్ల కెదురుగా గోడకు వ్రేలాడుచు, మనుమరాలికి వారు చదివి వినిపించు పుస్తకములన్నియు నేనును వినుచుందును.

గొట్టము లోపలి స్థితి నాకు తెలిసినంతగా దానిని భుజమున మోసినవానికి తెలియదు. ఆనాటి నల్లమందులో 75 పాళ్ళు సురేకారము, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకము ఉండెడివి. అది మండినప్పుడు వాయువుగా మారి గుండును నెట్టునది సగమునకు తక్కువ. తక్కినదంతయు కొంత పొగయై, కొంత మసియై మిగిలిపోవును. ఆ మసి పొడిగాలికి గట్టిపడి గొట్టపు గోడలకును, వానిపై మెలితిరిగిన మూడు చాళ్ళకును, గిన్నె కడుగున పట్టిన మాడువలె అంటుకొనును. కాల్పులు పెరిగినకొలది గుండు దిగుట కష్టమగును. నన్ను రెండు చేతుల బట్టి ఎత్తి మోదవలెను, అప్పటికిని దిగనిచో నా తలను రాతికి ఆనించి నెట్టవలెను. గుండుచుట్టు కొంచెము కొవ్వున్నదా, ఆ మసి మెత్తబడి తరువాతి గుండుతో పాటు జారిపోవును. కొవ్వు చేయు ఉపకార మింతే; కాని ఆ ఉపకారము లేనినాడు ఎంతటి మేలిరకపు తుపాకియైనను కొంతసేపటికి వట్టి ఇనుపకఱ్ఱ. ఉప్పు తగిలిన కొవ్వు ఇనుమును తినివేయును. ముక్కిపోయిన కొవ్వు సీసపు గుండుపై తెల్లని పొర కట్టి దానిని లావెక్కించును. ఉప్పు లేనిది, ముక్కనిది, ఎండకు పూర్తిగా కారిపోనిది అయినచో ఏ స్నేహద్రవ్యమైనను నాకు సమ్మతమే.

చరకసంహిత ఘృతము, తైలము, వస, మజ్జ అని స్నేహములను నాలుగుగా లెక్కించినది. వీనిలో వస, అనగా జంతువుల కొవ్వు, తుపాకి వాడుకలో మిక్కిలి ప్రశస్తి గన్నది ఉత్తర అమెరికా అడవులలోని నల్ల ఎలుగుబంటి వలన. ఆ విధానమును మా పెద్దమనిషి ఒక రాత్రి చదువుచుండగా నేను ఒడలెల్ల చెవులై వింటిని. శీతకాలపు దీర్ఘనిద్రకు ముందు శరదృతువున ఆ ఎలుగు కాయలు, గింజలు మెక్కి వీపుమీదను మూత్రపిండములచుట్టును దళముగా కొవ్వు కట్టును. వేటగాండ్రు దానిని మాంసపు పోగుగాని నెత్తుటి జాడగాని లేకుండ గీరి, చిన్న చిన్న ముక్కలుగా కోసి, అడుగున కొంచెము నీరు పోసిన ఇనుపకుండలో సన్నని సెగపై గంటల తరబడి కాచుదురు. ఓర్పు చాలక మంట ఎగదోసినచో మాడి, వన్నె మారి, కంపు పట్టును. నీరింకి, చిటపటలు అణగి, ముక్కలు ఎఱ్ఱబడి ముడుచుకొన్నప్పుడు కుండ దింపి గుడ్డలో వడగట్టుదురు. చల్లారినచో అది వెన్నవలె తెల్లనై, ఇంచుక వెచ్చదనమునకే నూనెయగును. గుండు చుట్టు గుడ్డపేలికకు దానిని రాచి కూరెడివారు. చలిలోను బిగుసుకొని రాయి కాకపోవుట దాని సుగుణము. 18వ శతాబ్దిలో లూసియానా ప్రాంతపు జనులు ఆ నూనెను నిండు జింకతోలు తిత్తులలో పోసి అమ్మెడివారు. వంటకును, తోలుచెప్పులకును, తలకును, తుపాకికిని ఆ కుండయొకటే.

మన ఎలుగు సంగతి వేరు. అది చెదపురుగులను తేనెను ఇప్పపూలను తిని ఏడాది పొడుగునను మేలుకొనియుండునదే గాని శీతకాలమున గుహలో పడి నిద్రించునది కాదు. కనుక అంతటి కొవ్వును కూడబెట్టవలసిన అక్కర దానికి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని మొదటి షెడ్యూలులో చేర్చి కాపాడుచున్నది. కీళ్ళనొప్పులకని దాని కొవ్వును రహస్యముగా వెదకెడివారు నేడును అక్కడక్కడ ఉన్నారని విన్నప్పుడు నాకు బాధ కలుగును. మా పెద్దమనిషి తాతగారు రంపచోడవరపు మన్యమున పంటచేను కావలి కుంచుకొన్న నాటుతుపాకికి ఇప్పగింజల నూనె రాచెడివారట. "పువ్వు ఎలుగుది, గింజ మనది" అని వారు అనెడివారట. ఆ నూనె చలికి పేరుకొని, వేసవిలో కరగును. జంతువును చంపక తుపాకిని పోషించిన ఆ పెద్దలయందు నాకు గౌరవము మెండు.

ఢిల్లీ వేసవిలో ఎలుగు కొవ్వు ఒక్కపూట నిలువదు. మే నెలలో ఇక్కడి ఎండ 45 డిగ్రీలు ముట్టును. గోవు కొవ్వు సహితము ఇంచుమించు ఆ వేడికే కరగును. తేనెమైనము కరగవలెనన్న 60 డిగ్రీలు దాటవలెను. ఈ దేశమునకు తగినది మైనమేయనియు, దానికి మెత్తదనము కొఱకు కొంచెము నూనెయో నేయియో చేర్చిన చాలుననియు ఏ వంటయింటి ఇల్లాలైనను చెప్పగలిగియుండెడిది. ఎవరును అడుగలేదు. నా కథలోని దుఃఖమంతయు ఆ అడుగకపోవుటలో నున్నది.

నా తుపాకి తూటా ఒక కాగితపు గొట్టము. ఒక కొనను మందు, రెండవ కొనను గుండు; గుండున్న కొనను బయటివైపు కొవ్వు పూతయుండును. సిపాయి మందున్న కొనను పండ్లతో కొఱికి, మందు పోసి, తూటాను తలక్రిందు చేసి, కొవ్వుకొనను గొట్టములో దూర్చి, మిగిలిన కాగితము చించివేసి, నాచేత గుండును దిగగొట్టవలెను. పాత నున్నగొట్టపు తుపాకిలో గుండు వదులుగా జారిపోయెడిది. ఈ రైఫిలులో గొట్టపు బెజ్జము 0.577 అంగుళము, గుండు 0.568 అంగుళము. మధ్యనున్న వెండ్రుకవాసి సందులో కొవ్వు ప్రవేశించినది, దానితో పాటు ఒక సామ్రాజ్యపు గతియు ప్రవేశించినది. ఏ జంతువు కొవ్వని గొట్టము అడుగదు, నేనడుగను, నోరు అడుగును. హిందువు నోటికి గోవు, ముసల్మాను నోటికి పంది ఎట్టివో తెలియని పాలకులు కారు ఆంగ్లేయులు. 1853లోనే బెంగాలు సైన్యపు అడ్జుటెంటు జనరలైన కర్నల్ టక్కరు, కొవ్వు ఎవరి మతమునకును విరుద్ధము కాదని నిశ్చయముగా తెలియువరకు ఆ తూటాలను సిపాయిల కీయవలదని హెచ్చరించెను. ఆ హెచ్చరిక కాగితములలో పడియుండెను. కలకత్తాలో తూటాలు చేయించునపుడు కొవ్వు సరఫరాదారునితో ఒప్పందము వ్రాసికొనిరి గాని, అది ఏ జంతువుదై యుండవలెనో ఆ ఒప్పందమున వ్రాయలేదు.

1857 జనవరిలో దమ్‌దమ్ శిబిరమున ఒక ఖలాసీ నోట, తూటాలకు పూసినది గోవు కొవ్వు, పంది కొవ్వు అను మాట వెలువడినది. అదే నెల 27న పూత లేని తూటాలనే ఇచ్చి, సిపాయిలు తమకిష్టమైన పదార్థమును తామే పూసికొనవచ్చునని ఉత్తరువయ్యెను. ఈ ఘట్టము చదువుచున్నప్పుడు మనుమరాలు పుస్తకము మీద చేయి పెట్టి, "తాతగారూ, అయితే మొదటే మైనం, నెయ్యి ఇస్తే సరిపోయేది కదండీ?" అని అడిగినది. "సరిపోయేదే తల్లీ. ఆ మాట ఆలస్యంగా అన్నారు. అప్పటికి కాగితం మెరుపు చూసి కూడా భయపడుతున్నారు, నమ్మకం పోయింది" అని వారనిరి. నేను గోడమీద నుండి దానికొక్క మాటయు చేర్చలేను.

నేను మీరటులో నుంటిని, ఆంగ్లేయుల 60వ రైఫిళ్ళ దళమున. ఏప్రిల్ 24న మూడవ అశ్వదళమునుండి 90 మందిని నిలువబెట్టి తూటాలీయగా 85 మంది ముట్టమనిరి. వారి కిచ్చినవి నా జాతి తుపాకి తూటాలు కావు, వారు ఎన్నడో వాడి యెఱిగిన పాత తూటాలే. అయినను వారి చేతులు వెనుకకు పోయినవి. మే 9న ఆ 85 మందిని కవాతు మైదానమున అందఱి యెదుట నిలిపి కాళ్ళకు సంకెళ్ళు బిగించిరి. మఱునాటి ఆదివారపు సాయంకాలమున మీరటు మండినది. మే 11న సిపాయిలు యమున దాటి ఢిల్లీలో ప్రవేశించిరి. ఆనాడే కశ్మీరీగేటు చెంతనున్న మందుగుండు కొట్టును దాని కావలివారే పేల్చివేసిరి.

మే 30న హిండన్ నది వంతెనయొద్ద, నేటి ఘాజియాబాదు చేరువ, నేను మొదటిసారి మనుష్యుల మీదికి గుండు దింపితిని. అచట ఒక సిపాయి, తానును మిగులనని తెలిసియే, మందుగుండు బండిలోనికి తుపాకి పేల్చి శత్రువులతో పాటు తానును పోయెను. జూన్ 8న బద్లీ సరాయి యొద్ద పోరు, అటు పిమ్మట ఢిల్లీ గుట్టమీద మకాము. ఆ గుట్టమీది ఎండలో పూత కరగి కాగితములోనికి ఇంకిపోయెడిది. పొడిబాఱిన గుండు గొట్టమున సగములో నిలిచిపోయెడిది. చెమట కారు అఱచేతులు నన్ను పట్టి మోదెడివి. ఇట్టి ఫిర్యాదులు పెరిగిన పిదప గుండు వ్యాసమును 0.55 అంగుళమునకు తగ్గించిరి. సెప్టెంబరు 14న ఆంగ్లేయులు కశ్మీరీగేటు తలుపులు పేల్చి లోన జొచ్చిరి. 20వ తేదీకి నగరము వారి వశమాయెను. వీధులలో నేను చూచినవి చెప్పజాలను.

చదువరులారా, మీరు ఢిల్లీకి వచ్చినప్పుడు ఎఱ్ఱకోటను చూచి మరలిపోకుడు. కశ్మీరీగేటు తపాలా కచేరీ దగ్గఱ, వాహనములు ఇరుప్రక్కల పరువెత్తు బాట నడుమ, ఆ మందుగుండు కొట్టు ద్వారములు నేటికిని నిలిచియున్నవి. అచట ఒక్క నిమిషము నిలువుడు.

ఏటేట దసరాలలో ఆయుధపూజనాడు మా పెద్దమనిషి నన్ను గోడనుండి దింపుదురు. కడచిన యేడు వారు నేతిగిన్నె అందుకొనబోగా ఇల్లాలు వంటయింటినుండి, "ఏవండీ, నెయ్యి వద్దు, ముక్కిపోతుంది. నువ్వులనూనె ఇస్తున్నాను, ఉండండి" అని పలికినది. ఆ నూనె తుడిచిన గుడ్డ నాపై పైనుండి క్రిందివఱకు ఒకమారు నడచినది. ఇంతవఱకు నాకు తుప్పు పట్టలేదు.