ఏది చెబితే అది, సార్

ఆ మెయిల్ వచ్చిన రాత్రి ఇంట్లో అందరినీ నిద్ర లేపాను. ఉత్తర జర్మనీలో ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ రాశాడు, మీరు మా ల్యాబ్‌కి వస్తే నాకు సంతోషమే అని. నా కళ్లకి కనిపించింది ఆ ఒక్క వాక్యమే. దాని కింద ఇంకా రెండు పేరాలున్నాయి. వాటిని మూడు వారాల తర్వాత చదివాను.

తెల్లారగానే అమ్మ గుళ్లో కొబ్బరికాయ కొట్టించింది. సాయంత్రానికి వార్త కనిగిరి బస్టాండు టీకొట్టు దాకా పోయింది. విలేకరి ఒకాయన ఇంటికొచ్చి ఫొటో తీసుకెళ్తే, ‘జర్మనీకి మన కుర్రాడు’ అని జిల్లా పేజీలో వేశారు. నేను హైదరాబాద్ వెళ్లి, కోఠిలో బేరమాడి, నాలుగు వేలు పోసి ఉన్నికోటు కొన్నాను. అది మే నెల. వేసి చూడమని కొట్టువాడు బలవంతం చేస్తే, చెమటలు కక్కుతూ అద్దం ముందు నిలబడ్డాను. బాబాయి ఒక్కడే ‘ఆలు లేదు చూలు లేదు’ అని మొదలుపెట్టి, అమ్మ ముఖం చూసి ఆపేసి, కాఫీ అడిగాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేస్తున్న డిగ్రీ కాలేజీలో రాజీనామా ఇచ్చాను. వాళ్లు వీడ్కోలు సభ పెట్టి శాలువా కప్పారు. శాలువా కప్పించుకునే నాటికి, ఆ ల్యాబ్‌కి వెళ్లడానికి కావాల్సిన ఫెలోషిప్ నాకు రాలేదు. రావడం మాట అటుంచండి, నేనింకా దరఖాస్తే పెట్టలేదు.

ఆ సభలో, ఫెలోషిప్ ఇచ్చే హంబోల్ట్ ఫౌండేషన్ చరిత్ర మొత్తం అప్పజెప్పాను. ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 1859లో పోతే, మరుసటి ఏడే మిత్రులు ఆయన పేర నిధి పెట్టారనీ, 1923 నాటి ద్రవ్యోల్బణంలో ఆ నిధి కాగితాల కుప్ప అయిపోయిందనీ, 1953లో మళ్లీ స్థాపిస్తే భౌతిక శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ అధ్యక్షుడయ్యాడనీ చెప్పాను. హంబోల్ట్‌కి హిమాలయాలు చూడాలని ఎంతో కోరిక. లండన్ వెళ్లి అడిగినా ఈస్టిండియా కంపెనీ అనుమతి ఇవ్వలేదు. ఇదీ చెప్పి, “ఆయన ఇక్కడికి రాలేకపోయాడు, నేను అక్కడికి వెళ్తున్నాను” అన్నాను. చప్పట్లు మోగాయి. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

చరిత్ర కంఠోపాఠం చేసినవాణ్ని నిబంధనల పేజీ మాత్రం తెరవలేదు. నాలాంటివాళ్లు పెట్టుకునే పోస్ట్‌డాక్ విభాగంలో పీహెచ్‌డీ అయిన నాలుగేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. ఏ దేశం వాళ్లకి ఎన్ని, ఏ సబ్జెక్టుకి ఎన్ని అనే కోటా లేదు. పిలిచే ప్రొఫెసర్ అంగీకారం దరఖాస్తుతో పాటు పెట్టే కాగితాల్లో ఒకటి, అంతే. ఆ తర్వాత బయటి నిపుణులు చదవాలి, కమిటీ కూర్చోవాలి. పెళ్లిచూపులకి రమ్మని కబురొస్తే పందిరి వేసుకున్నవాణ్ని నేను. కాగితాల్లో మరో ముఖ్యమైనది, అభ్యర్థి తానే ఆలోచించి రాసుకున్న పరిశోధన ప్రణాళిక. ఐదు పేజీలు మించకూడదు.

నేను చదవకుండా వదిలేసిన ఆ రెండు పేరాల్లో ప్రొఫెసర్ అడిగింది సరిగ్గా దాని గురించే. మా ల్యాబ్ చేసే పని మీకు తెలుసు, మీరు ఏ ప్రశ్నకి జవాబు వెతకాలనుకుంటున్నారు, ఒక పేజీ రాసి పంపండి అన్నాడు. నేనేం రాశానో దాచుకోను. “మీరు ఏ టాపిక్ ఇస్తే దాని మీద పనిచేస్తాను సార్. కష్టపడే మనిషిని.”

మర్యాదగా రాశాననే అనుకున్నాను. మా దగ్గర రీసెర్చ్‌లో చేరినవాణ్ని ఎవరైనా మొదట అడిగేది “గైడ్ టాపిక్ ఇచ్చారా?” అనే. ఇస్తారు, మనం పుచ్చుకుంటాం, ప్రసాదంలాగా. నా టాపిక్ చేరిన మొదటి రోజే ఒక చీటీ మీద వచ్చింది. ఆరేళ్లలో ఆ చీటీని ఒక్కసారి కూడా “ఎందుకు సార్?” అని అడగలేదు. సార్‌కి గ్యాస్ సిలిండర్ మోశాను, వాళ్లబ్బాయిని బడి నుంచి తెచ్చాను, అడిగినవన్నీ చేశాను, అడగడం ఒక్కటి తప్ప. ఆయన్ని అనడం లేదు. ఆయనకీ ఆయన గైడ్ చీటీయే ఇచ్చి ఉంటాడు.

జర్మనీ నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది. ప్రణాళిక మీదే కావాలి, రాశాక నా అభిప్రాయం చెబుతాను. అప్పుడైనా కూర్చుని ఆలోచించానా? ఆయన పాత పేపర్ల శీర్షికలన్నీ ముందేసుకుని, అందులో నాలుగు మాటలు, ఇందులో నాలుగు మాటలు తీసి ఐదు పేజీలు అల్లాను. ఆయన మాటలు ఆయనకే వడ్డిస్తే ఆనందపడతాడనుకున్నాను. కొన్ని నెలల తర్వాత ఫౌండేషన్ నుంచి మర్యాదగా, క్లుప్తంగా ఉత్తరం వచ్చింది. లేదు.

ఇప్పుడు మా నాయనమ్మ గురించి చెప్పాలి. ఆవిడ నడుము ఫ్లోరైడ్ నీళ్లకి వంగిపోయింది. మాది కనిగిరి పక్క పల్లె. ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఇక్కడి ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికల్లో రాశారు. నేను పీహెచ్‌డీలో ఉండగా సెలవులకి వస్తే ఆవిడ మంచం మీంచే అడిగింది. “మన బోరుకీ శెట్టిగారి బోరుకీ నలభై అడుగులు లేదు. వాళ్ల పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, మన పిల్లలవి గారపట్టాయి. నేల ఒకటే కదరా, ఎందుకట్లా?”

“అది నా టాపిక్ కాదు నాయనమ్మా” అన్నాను.

నా టాపిక్ ఏమిటో తెలుసా? నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పొడి. దాన్ని ఆరేళ్లు పరీక్షించింది మా ఊరి నీళ్లతో కాదు, డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. ఆ అంకె నా థీసిస్ మొదటి పేజీలోనే ఉంది. మా ఇంటి బోరు నీళ్లు ఒక్క సీసాడైనా ల్యాబ్‌కి పట్టుకెళ్లలేదు.

ఆ జర్మన్ ప్రొఫెసర్ ల్యాబ్ పనేమిటంటే, భూగర్భజలం రాళ్ల మధ్య ఎంతకాలం నిలిచిందో లెక్కగట్టడం. నీరు ఎంతసేపు గ్రానైటుని ఒరుసుకుంటే అందులోకి ఫ్లోరైడ్ అంత దిగే అవకాశం ఉంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టి కిందికి దించేస్తుంది, లేకపోతే అది నీళ్లలోనే ఉండిపోతుంది. నలభై అడుగుల తేడాలో ఇవి మారతాయా, మారితే ఏ పగులు దగ్గర, ఎంత లోతున? నాయనమ్మ అడిగింది అచ్చంగా ఆ ల్యాబ్‌లో అడగాల్సిన ప్రశ్న. బడి మెట్లు ఎక్కని మనిషి మంచం మీంచి అడిగిందాన్ని, డాక్టరేట్ పట్టా చేతబట్టుకుని ఐదు పేజీల్లో ఎక్కడా రాయలేకపోయాను.

ఇదంతా తట్టేసరికి నాయనమ్మ లేదు. కాలేజీలో నా చోట వేరే ఆయన చేరిపోయాడు. నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకుంటున్నాను. కోటు డెహ్రాడూన్‌లో ఉన్న బావకిచ్చాను. పట్టా మీది తేదీకి నాలుగేళ్లు నిరుడు ఫిబ్రవరిలో నిండాయి.

నెలకోసారి మా బోరు నీళ్లు, శెట్టిగారి బోరు నీళ్లు పట్టి, మూతల మీద తేదీ రాసి అటక మీద పెడుతున్నాను. ప్లాస్టిక్ సీసాల్లోనే, ఫ్లోరైడ్‌కి గాజు పనికిరాదు. మొన్నటికి 38 సీసాలయ్యాయి.