మగాళ్ళలా ఆడార్రా!

మా బావది తెనాలి. పాతికేళ్ళ నుంచి లివర్‌పూల్‌లో ఉంటున్నాడు కాబట్టి అక్కడి ఫుట్‌బాల్ జట్టు ఆయనకి 'మేము'. మేం కొట్టాం, మేం గెలిచాం. ఓడితే మాత్రం 'వెధవలు, పరువు తీశారు'. సత్యనారాయణ వ్రతంలో హారతి పాట అందుకోమంటే గొంతు బొంగురుపోయిందంటాడు. శనివారం మ్యాచ్ మొదలైతే అదే గొంతుతో గోడలదిరేలా పాడతాడు.

ఆ పాటల్లో తనవాళ్ళంతా కుర్రాళ్ళు, దండు, సింహాలు. అవతలివాడు మోకాలు పట్టుకుని కూలబడితే 'ఆడపిల్ల'. రిఫరీ ఈల ఊదితే అతని తల్లిని తలుచుకుంటాడు. ఆవిడకి ఎక్కడో పొలమారుతూనే ఉంటుంది పాపం.

స్టోక్ సిటీ ప్రీమియర్ లీగ్‌లో ఉన్న రోజుల్లో ఓసారి ఆ ఊరెళ్ళి మ్యాచ్ చూసొచ్చాడు. అక్కడి అభిమానులంతా కలిసి టామ్ జోన్స్ 'డిలైలా' పాడుతుంటే ఒళ్ళు జలదరించిందట. వారం రోజులు స్నానాలగదిలో అదే కూనిరాగం. "దానర్థమేంటండీ?" అంది అక్క. మోసం చేసిందని ప్రియురాల్ని కత్తితో పొడిచినవాడి గోడు అది. "ట్యూన్ చూడవే, మాటలతో ఏం పని?" అన్నాడు.

అయితే మనిషి వెన్న. లివర్‌పూల్ అభిమానులు 'యూ విల్ నెవర్ వాక్ ఎలోన్' ఎత్తుకున్నారంటే టీవీ ముందు నిలబడి, కండువా రెండు చేతులా పైకెత్తి, బొటబొటా కన్నీళ్ళు కారుస్తాడు. నేను వెళ్ళినప్పుడు అక్క పెసరట్టు తెస్తే, కండువా దించడానికి మనసొప్పక నోరు తెరిచాడు. ఆవిడే తుంచి పెట్టింది. స్కూలు జట్టులో గోల్‌కీపరైన మా మేనకోడలు అదే అదను అనుకుంది. "నాన్నా, అది 1945 నాటి 'కరౌజెల్' నాటకంలో పాట. మొగుడు పోయిన అమ్మాయిని ఇంకో ఆడమనిషి ఓదారుస్తూ పాడేది."

బావ అట్టు మింగి, "అది నాటకం. ఇది ఫుట్‌బాల్" అన్నాడు.

2022లో వెంబ్లీలో ఇంగ్లండ్ అమ్మాయిలు జర్మనీని 2-1తో ఓడించి యూరో కప్పు కొట్టారు. 1996లో మగ జట్టు కోసం కట్టిన 'త్రీ లయన్స్' పాడుకుంటూ కోచ్ ప్రెస్‌మీట్‌లోకి చొరబడ్డారు. ఆ పాటలో ఆటగాళ్ళ పేర్లన్నీ మగవాళ్ళవే. ఆ రాత్రి బావ గొంతు నిజంగానే బొంగురుపోయింది. నాకు ఫోన్ చేసి, తన నోట వచ్చే అతి పెద్ద మెచ్చుకోలు మెచ్చుకున్నాడు: "మగాళ్ళలా ఆడార్రా!"

ఆయన్ని ఇంతగా ఎండగడుతున్నాను గానీ, నా సంగతీ చెప్పాలి. 2025 నవంబర్ 2. నవీ ముంబైలో మహిళల క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. మన జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉందాయె, రెండిళ్ళవాళ్ళం వీడియో కాల్ పెట్టుకుని చూస్తున్నాం. దక్షిణాఫ్రికా కెప్టెన్ వోల్వార్ట్ 101 మీద బంతిని గాల్లోకి లేపింది. అమన్‌జోత్ చేతుల్లోంచి ఓసారి జారింది. మళ్ళీ జారింది. అలవాటైన నోరు కదా, "గాజులు తొడుక్కుని..." అనేశాను. మూడో ప్రయత్నంలో పట్టేసింది.

కేకలు సద్దుమణిగాక మేనకోడలు ఫోన్‌లోకి వంగింది. "మామయ్యా, ఇందాక ఏదో అనబోయావు?"

వెనకాల బావ కండువా మూతికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.