ఇద్దరు ఇంగ్లీషు సార్లూ నేనూ

నేను పుట్టింది జపానులో, ఓడ దిగింది బహ్రెయిన్‌లోని మినా సల్మాన్ రేవులో. తెల్లరంగు కారుని. ఈ ఎండలకి ఇక్కడ తెల్లకార్లకి కొదవలేదు, కాబట్టి రంగు గురించి గొప్పలు చెప్పుకోను. అరబ్బీ అర్థమవుతుంది. సల్మాబాద్ గ్యారేజీల్లో పడిగాపులు కాసి మలయాళం వంటబట్టించుకున్నాను. తెలుగు మాత్రం రెండో యజమాని రోజూ వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విని నేర్చుకున్నదే. అక్కడక్కడా జగిత్యాల యాస దొర్లితే సర్దుకోండి.

నా యజమానులిద్దరూ ఇంగ్లీషు టీచర్లే. మొదటాయన ఇంగ్లండు దొర. రెండో ఆయన మన సారు. ఇద్దరూ చెప్పింది అవే టెన్సులు, అవే ప్రిపొజిషన్లు. జీతం మాత్రం పాస్‌పోర్టుని బట్టి. గల్ఫులో ఇంగ్లీషు టీచర్లు కావాలనే ప్రకటనల్లో ‘నేటివ్ స్పీకర్’ అనే మాట తరచూ కనిపిస్తుంది. ఎమ్మే, బీఈడీ చేసిన సారుకి ఒక సంస్థలో సాయంత్రం తరగతులు దొరికాయి, అంతే. మిగతా పొట్టకూటికి ఇంటింటికీ ట్యూషన్. ఆ ట్యూషన్ల వల్లే సనాబిస్‌లో నేను చూడని సందు లేకుండా పోయింది.

సనాబిస్ మనామాకి పడమర ఉన్న పాత ఊరు. ఉత్తరాన సీఫ్ వైపు సముద్రాన్ని పూడ్చి కట్టిన మాల్స్, అద్దాల మేడలు. లోపలికొస్తే అద్దాలు ముడుచుకుంటే తప్ప దూరలేని సందులు. దొర మాల్స్ దగ్గరే నన్ను ఆపేవాడు. సారు లోపలికి తోలారు. మొదట్లో ఆ తోలడం చూడాలి! ఇండియాలో ఆయన నడిపిన బండికి ఇండికేటర్ కుడిచేతికి ఉండేదట, నాకు ఎడమచేతికి. మలుపు తిరగబోయినప్పుడల్లా నా వైపర్లు లేచేవి. ఏడాదికి నాలుగు చినుకులు రాలే దేశంలో వాటికి అంత పని ఎప్పుడూ పడలేదు. బహ్రెయిన్‌లో కూడా 1967 దాకా బళ్లు ఎడమవైపే నడిచాయి. ఆ సంగతి లైసెన్సు పరీక్ష పెట్టే ఆయనకి చెప్పుకుని లాభం లేదు కదా.

ఇక్కడ వీధి చివరి కొట్టుని కోల్డ్ స్టోర్ అంటారు. ముందు ఆగి హారన్ కొడితే కుర్రాడు పరుగున వస్తాడు. పాలో పెరుగో ఫోన్ కార్డో కిటికీలోంచే అందిస్తాడు. దొరకి ఈ పద్ధతి మహా ఇష్టం. సారు మాత్రం మనిషిని హారన్ కొట్టి పిలుసుడేందని దిగి వెళ్లేవారు. జులై వచ్చింది, ఎండ నలభై అయిదు దాటింది, ఆయనా హారన్ మీద చెయ్యి వేశారు. ఒక్కసారే, అదీ చిన్నగా.

పడమర వైపు కాస్త దూరం పోతే కర్బాబాద్, దాని పక్కన సముద్రపుటొడ్డున బహ్రెయిన్ కోట. యునెస్కో వారసత్వ జాబితాలోకి 2005లో ఎక్కింది. దొర ఎవరు చుట్టాలొచ్చినా అక్కడికే తీసుకెళ్లేవాడు. పోతూ పోతూ నా డిక్కీలో ఒక పుస్తకం వదిలేశాడు: జెఫ్రీ బిబ్బీ 1969లో రాసిన ‘లుకింగ్ ఫర్ దిల్మున్’. 1950లలో డెన్మార్క్ బృందంతో వచ్చి ఆ కోట ఉన్న దిబ్బని తవ్వినవాళ్లలో బిబ్బీ ఒకడు. తవ్వకాల్లో సింధు లోయ కొలతకి సరిపోయే తూకపురాళ్లు దొరికాయి. నాలుగు వేల ఏళ్ల కిందట ఇక్కడి దిల్మున్ వర్తకులకి మన దిక్కున ఉన్న ఊళ్లతో బేరసారాలుండేవన్నమాట. సారు ఆ పేజీ చదివి వాళ్లమ్మకి ఫోన్ చేశారు: “మనోళ్లు అప్పుడే వచ్చిన్రమ్మా ఈడికి. వీసా గిట్ట లేకుంటనే.”

మొహర్రం వచ్చిందంటే సనాబిస్ అంతా నల్లజెండాలు. ఇది షియాల ఊరు. ఊరేగింపుల కోసం దారులు మూసేస్తారు, నన్నెక్కడో దూరంగా వదిలి నడిచిపోవాలి. దొర ఆ రోజుల్లో ఈ ఛాయలకే వచ్చేవాడు కాదు. సారు పరాయివాడిలా నిలబడలేదు. చిన్నప్పుడు వాళ్లూళ్లో పీర్ల పండక్కి కులమతాలతో పనిలేకుండా అందరూ కదిలేవారట. “జెండాలున్నయ్, మాతంలున్నయ్, గుండమే లేదు” అని ఇంటికి చెప్పారు. ఆ రాత్రి ట్యూషన్ పిల్లాడి తండ్రి వీధిలో పంచుతున్న అన్నం, మాంసం పొట్లం కట్టి తెచ్చి నా ముందుసీటు మీద పెట్టాడు. ఆ వాసన చాలా రోజులు నన్ను వదల్లేదు, నాకూ వదలాలని లేదు.

ఒకసారి సీటు కింద ఇసుక దులుపుతుంటే సారుకి 500 ఫిల్సుల బిళ్ళ దొరికింది. దానిమీద పెర్ల్ రౌండబౌట్ బొమ్మ. అక్కడి స్తూపాన్ని గల్ఫ్ దేశాల శిఖరాగ్ర సభ కోసం 1982లో సనాబిస్ దగ్గరే కట్టారు. ఆరు దేశాలకి గుర్తుగా ఆరు తెరచాపలు, వాటి పైన ముత్యం. 2011 ఫిబ్రవరిలో నిరసనకారులు వేలల్లో వచ్చి అక్కడ గుడారాలు వేశారు. మార్చి 18న ఆ స్తూపాన్నే పడగొట్టేశారు, తర్వాత బొమ్మ ఉన్న బిళ్ళలూ చలామణీలోంచి పోయాయి. దొర కాలంలో దాని చుట్టూ నేను తిరిగిన మైళ్లు నా మీటర్లో ఉన్నాయి. రౌండబౌట్ లేదు. సారు ఆ బిళ్ళని పిల్లాడి తండ్రికి చూపించారు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, “దాచుకో, కొట్లో ఇవ్వకు” అని పిల్లాడి మార్కుల మాట ఎత్తాడు.

ఇక మా బిల్డింగు ఊడ్చే కుర్రాడి సంగతి. వాడిది కోరుట్ల పక్క పల్లె. తెల్లారకముందే బకెట్టూ గుడ్డా తెచ్చి, నెలకింతని మాట్లాడుకున్న కార్లు కడుగుతాడు. ఒకరోజు సారు ఫోన్లో “బువ్వ తిన్నవా అమ్మా” అనగానే నా చక్రం దగ్గర కూర్చున్నవాడు దిగ్గున లేచాడు. “సారూ, మనోళ్లేనా?” అప్పటినుంచి దుమ్ముగాలి వీచిన మర్నాడల్లా నాకు స్నానం ఆలస్యం. నా బానెట్టే వాళ్లకి పలక. సారు దుమ్ములో వేలితో రాస్తారు, వాడు కింద దిద్దుతాడు.

మొదటి పాఠం గుడ్ మార్నింగ్‌తో మొదలుపెట్టబోయారు. వాడు ఒప్పుకోలేదు. “గుడ్ మార్నింగ్ నాకొస్తది సారూ. పైసలడుగుడు నేర్పుండ్రి. రెండు నెల్ల జీతం రాలె.” సారు కాసేపు ఆలోచించి రాశారు: సర్, ప్లీజ్ పే మై టూ మంత్స్ శాలరీ. వాడు ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు.

“గీ ప్లీజ్ ఎందుకు సారూ?”

“అడిగేటప్పుడు ఉండాలె తమ్మీ.”

“అడుక్కునేటప్పుడు ఉండాలె. ఇవి నా పైసలు గదా.”

ఎమ్మే ఇంగ్లీషు చదివిన సారు బానెట్ మీది ప్లీజ్‌ని అరచేత్తో తుడిచేశారు. వాడు ఆ వాక్యాన్ని నోట్లో నానబెట్టుకుంటూనే నన్ను కడిగేశాడు. ఆ వారంలో ఒక నెల జీతం వచ్చింది. రెండో నెల కోసం ఇంకాస్త గట్టి వాక్యం కావాలట. దుమ్ము ఎప్పుడు పడుతుందా అని ఇద్దరూ చూస్తున్నారు.